వదిన చేతి నీళ్లు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు కావాలి. తెలిసిన మొహాల ముందు ఈ మాట ఏళ్ల తరబడి నా నోట రాలేదు. కక్కలేక మింగలేక బతుకుతున్నాను. పైకి చూస్తే నాకేం తక్కువ లేదు. వేళకు తింటాను, పని చేస్తాను, పెళ్లిళ్లకు పోతాను, అక్కడ నలుగురినీ నవ్విస్తాను కూడా. మా మట్టెవాడలో నా గురించి ఎవరినడిగినా మంచివాడనే చెప్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అన్నవాళ్ల మీద కాదు.

మా వదిన ఏళ్ల తరబడి ఎవరికీ తన చేత్తో నీళ్లివ్వలేదు. అన్నం పెట్టేది, చాయ్ పోసేది, ఒంట్లో బాగాలేనివాళ్ల కాళ్లు పట్టేది. నీళ్లు మాత్రం ఇచ్చేది కాదు. ఇంటికి చుట్టం వస్తే చెంబూ గ్లాసూ తెచ్చి వాళ్ల ముందు పెట్టి పక్కకు జరిగేది. పోసుకునేవాళ్లు పోసుకోవాలి. కొత్తవాళ్లు అది మడి అనుకునేవాళ్లు, లేదంటే పొగరు అనుకునేవాళ్లు. రెండూ కాదు. తన చేతి నీళ్ల వల్లనే మా అన్న పోయాడని ఆమె నమ్మింది. అది నిజం కాదు. ఎందుకు కాదో తెలిసినవాణ్ని ఈ భూమ్మీద నేనొక్కణ్నే. తెలిసీ, ఆమె వండిన అన్నం తింటూ, అదే ఇంట్లో, అదే వంటగది గోడకు ఇవతల పడుకుంటూ వచ్చాను.

ఎక్కడ మొదలుపెట్టాలి? షెడ్డు నుంచి మొదలుపెట్టకపోతే మీకు అర్థం కాదు.

మాది నేత పని. ఇంటి వెనకే రేకుల షెడ్డు. మా వైపు పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. సాంచెలన్నీ నడుస్తుంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకే షెడ్డులో పుట్టి పెరిగినవాళ్లం చేతులతో మాట్లాడుకుంటాం. ఏ బడిలోనూ నేర్పేది కాదది. దారం తెగిందంటే ఒక సైగ, కండె మీద నూలు అయిపోయిందంటే ఒకటి, చాయ్ వచ్చిందంటే ఒకటి. మనుషులకు కూడా సైగలుంటాయి. మా అన్నకు మీసం మెలేసే అలవాటు, కాబట్టి మీసం మీద వేలు పెడితే అన్న అని. నాకేం సైగ ఉందో చెప్పను, మర్యాదగా ఉండదు.

ఈ సైగల్లో ఒక్కదానికి మాత్రం ఎదురు ప్రశ్న ఉండదు. అరచేయి పైకెత్తి, గుప్పిట మూసి, కిందికి లాగితే మోటారు బంద్ చెయ్యమని. ఎవరు చూపించినా, పిల్లవాడు చూపించినా, చూసినవాడు ముందు బంద్ చెయ్యాలి. ఎందుకని అడగడం తర్వాత. నా ఎడమ చేతి చిటికెన వేలికి పై కణుపు లేదు. ఒక రోజు సాంచెలో ఇరుక్కుంది నా చేయి. రెండో చేత్తో ఆ సైగ చేశాను. షెడ్డు ఆ చివర ఉన్న అన్న చూశాడు, మోటారు ఆపాడు. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నాకు చేయే ఉండేది కాదు. ఆ సంగతి అన్న ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లనే కాబోలు, నేను ఎన్నడూ మరిచిపోలేదు.

ఏళ్ల కిందట అన్నకు గుండె ఆపరేషన్ అయింది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. హన్మకొండలో ఒక దవాఖానలో చూపిస్తే నరాలు పూడుకుపోయాయన్నారు, ఛాతీ కోసి సరిచేశారు. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. గొంతులోంచి పైపు తీసేసి, వెంటిలేటర్ మీద నుంచి దింపారని తెలిసిన రోజు వదిన దవాఖాన బయట కొబ్బరికాయ కొట్టింది. మా పెద్దక్క ఏడ్చింది. నేను బజ్జీలు తెచ్చి అందరికీ పంచాను. ఇక గండం గడిచినట్టే అనుకున్నాం. పైపు తీసిన తర్వాత కూడా ఒక గండం ఉంటుందని మాకెవరికీ తెలియదు.

అన్న ఊపిరితిత్తులు అంతంత మాత్రం. చిన్నప్పటి నుంచీ దూది నలకలు పీల్చినవి, దానికి తోడు బీడీలు. పైపు తీశాక సొంతంగా గాలి పీల్చుకోవడం ఆయనకు పెద్ద పనైపోయింది. అందుకని ముక్కూ నోరూ మూసేలా ఒక మాస్కు పెట్టారు. తల వెనక నుంచి పట్టీలు బిగించి, మిషన్‌తో గాలి లోపలికి తోస్తారు. అది ఊరికే గాలి వదిలే మాస్కు కాదు. నెడుతుంది. మొహం మీద దుప్పటి పడితేనే ఉలిక్కిపడి లేచే మనిషి మా అన్న. ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా వాకిట్లో పడుకునేవాడు. అట్లాంటివాడి మొహానికి అది బిగించారు. ముక్కు దూలం మీద చర్మం ఎర్రగా కమిలిపోయింది.

ఐసీయూలో ఒకరి తర్వాత ఒకరిని మాత్రమే పంపేవాళ్లు. అక్కడ ములుగు వైపు నుంచి వచ్చిన ఒక సిస్టర్ ఉండేది. ఓపిక మనిషి. నాకు విడమరిచి చెప్పింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“పైపు తీసినం గని అన్నా, ఆయన ఊపిరితిత్తులు ఇంక అలిసే ఉన్నయి. ఈ మాస్కు గట్టిగ ఉంటెనే అవి ముడుసుకపోకుంట ఉంటయి. గుండె మీద బరువు గూడ తగ్గుతది. తియ్యుమని బతిమిలాడుతడు. మీరు మాత్రం ముట్టకున్రి. నన్ను పిలువున్రి.”

నోట్లోకి ఏమీ పోయొద్దనీ, పెదాలు ఎండితే తడిగుడ్డ అద్దవచ్చనీ, అది కూడా తను ఉన్నప్పుడేననీ చెప్పింది. నేను తలూపాను. అర్థమైందన్నాను. అర్థమైంది కూడా. అందుకే నాకు ఏ సాకూ లేదు.

లోపలికి పోయాను. అన్న నన్ను చూశాడు. ఆ కళ్లు నేనెప్పుడూ చూడని కళ్లు. మాస్కు లోపల నోరు ఆడుతోంది, మాట గాలిలో కొట్టుకుపోతోంది. సిస్టర్ అవతలి మంచం దగ్గర ఉంది. అన్న సూదులు లేని చేయి పైకెత్తాడు. అరచేయి. గుప్పిట మూశాడు. కిందికి లాగాడు.

బంద్ చెయ్.

నేను చూడనట్టు నటించాను. మళ్లీ చేశాడు. అప్పుడు నా చేయి కదిలింది. ఇది ఎట్లా చెప్పినా సాకులాగే వినిపిస్తుంది గానీ, నేను ఆలోచించి చేయలేదు. చిన్నప్పటి నుంచీ ఆ సైగ కనపడితే బంద్ చేసిన చేయి అది. అన్న తల కిందికి చేయి పోనిచ్చి, మెడ దగ్గరి పట్టీ తడిమి, వదులు చేశాను. ఊడదీయలేదు. వదులు చేశాను. బుగ్గ పక్కన గాలి బుస్సుమంది. అన్న కళ్లు మూసుకుని ఒక్కసారి తేలికపడ్డాడు. మిషన్ కూతపెట్టింది. ఆ కూత ఆపడానికి సిస్టర్ ఏ బటన్ నొక్కుతుందో అంతకుముందే చూశాను. నొక్కాను.

ఆ బటన్ నొక్కిన చేయికి ఏ అలవాటూ లేదు. అది మాత్రం నేనే.

అన్న నా చిటికెన వేలు పట్టుకున్నాడు, కణుపు లేనిదాన్ని. కాసేపటికి పట్టు సడలింది. నిద్రపోతున్నాడనుకున్నాను. ఎంత నిమ్మళంగా ఉన్నాడో అనుకున్నాను. పాపం, ఆ మాస్కే ఈయన్ని చంపుతోంది, డాక్టర్లకేం తెలుస్తుంది, సొంత తమ్ముణ్ని నాకు తెలుసు అనుకున్నాను. పట్టీ మళ్లీ బిగించాలని తట్టింది. తట్టలేదని అబద్ధం చెప్పను. కాసేపు పడుకోనీ, పోయేముందు బిగిద్దాం అనుకున్నాను. ఇంతలో వాచ్‌మన్ వచ్చి టైమైపోయింది, ఇంకొకరిని పంపాలన్నాడు. బయటికొచ్చేశాను.

తర్వాత వదిన పోయింది. తలుపుకున్న అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. సిస్టర్‌ను అడిగింది. సిస్టర్ మాస్కు కొంచెం పైకెత్తి పట్టుకుంది. వదిన గిన్నెలో గుడ్డ ముంచి, పిండి, అన్న పెదాలకు అద్దింది. అంతే. ఒక్క చుక్క లోపలికి పోలేదు. ఆమె బయటికొచ్చి, మంచిగ పండుకున్నడు అని నవ్వింది.  తర్వాత ఆమె ఏడ్పు కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ వెంటాడింది.

ఇంకాసేపటికి లోపల హడావిడి మొదలైంది. తెర లాగేశారు. మాస్కు పీకి పక్కన పడేసి మళ్లీ గొంతులో పైపు వేశారు. పీకి పడేసిన మాస్కుకు పట్టీ బిగుతుగా ఉందా వదులుగా ఉందా అని ఎవరు చూస్తారు? ఆ పైపు మళ్లీ బయటికి రాలేదు. కొద్ది రోజులకు అన్న పోయాడు.

పైపు వేసిన రోజే డాక్టర్ వరండాలోకి వచ్చి, నోటి ద్వారా ఏమైనా ఇచ్చారా అని అడిగాడు. అడగాలి కాబట్టి అడిగాడంతే. వదిన దాచకుండా, తడిగుడ్డ అద్దాను అంది. సిస్టర్ కూడా అవునంది, తన ముందే జరిగిందంది. డాక్టర్ దాన్ని పట్టించుకోలేదు, గుండె బలహీనంగా ఉంది, ఊపిరితిత్తులు అలిసిపోయాయి అని చెప్పి పోయాడు. పెద్దక్క మాత్రం పట్టుకుంది. అన్న శవం ఇంటికి వచ్చిన పూట, వాడకట్టు అంతా వింటుండగా అంది.

“సూసుకుంట సూసుకుంట నా తమ్ముని నోట్లె నీళ్లు పోసి పానం తీసింది.”

ఏడుస్తూ నోటికొచ్చిన మాట. మర్నాటికి అక్కకే గుర్తులేదేమో. కానీ నలుగురి చెవిన పడిన మాటకు కాళ్లొస్తాయి. తడిగుడ్డ గ్లాసైంది, గ్లాసు చెంబైంది. నేను అక్కడే, అరుగు మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను.

దినాలయ్యాక ఒక పొద్దున వదిన షెడ్డులోకి వచ్చింది. సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. అన్న పోయాక ఇంకా నడపడం లేదు. నా ఎదురుగా నిలబడింది.

“తమ్మీ, నువ్వు అద్దంలకెళ్లి సూస్తనే ఉంటివి గదా. నేను గుడ్డ అద్దిన, అంతే గదా? నీళ్లు పోసిన్నా? అందరంటాంటె నాకే అనుమానమైతాంది. నువ్వు సెప్పు, నువ్వు సెప్తె నమ్ముత.”

ఒక్క మాట చాలు. లేదు వదినా, నువ్వు పోయలేదు అంటే చాలు. నా తప్పు ఒప్పుకోనక్కర్లేదు కూడా. చూసింది చూసినట్టు చెప్తే చాలు. కానీ ఆ మాట అంటే, మరి ఎట్లా అయింది అని ఎవరో ఒకరు అడుగుతారు. నీళ్లు కాకపోతే ఇంకేదో కావాలి కదా. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను. ఆ నీళ్ల వెనకే నేను దాక్కుని ఉన్నాను.

“నేను అటు దిక్కు సూడలే వదినా. ఫోన్ల ఉన్న.”

 “అయితె పోసిన్నేమో తమ్మీ” అంది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇంట్లోకి పోయింది. ఆ చేతులు తడిగా లేవు.

ఆ రోజు నుంచే ఆమె నీళ్లివ్వడం మానేసింది.

నన్ను నేను ఎన్ని రకాలుగా విడిపించుకోవాలని చూశానో మీకు తెలియదు. పట్టీ వదులు చేయకపోయినా అన్న పోయేవాడేమో. డాక్టరే అన్నాడు కదా, గుండె బలహీనమని. కావచ్చు. సిస్టర్ మాస్కు ఎత్తి మళ్లీ పెట్టినప్పుడు పట్టీ చూసుకోవాల్సింది కదా? చూసుకోవాల్సింది. అందరి పాపాలూ వెతికి తలా ఒక పిడికెడు పంచేశాను, నా వాటా తగ్గుతుందేమోనని. తగ్గలేదు. ఒకసారి పక్కింటాయనకు గుండె ఆపరేషన్ అయి ఇదే మాస్కు పెడితే చూడబోయాను. ఆయన మత్తుగా తూగుతుంటే డాక్టర్ పరుగున వచ్చాడు. మాస్కు సరిగ్గా పట్టకపోతే లోపల చెడ్డ గాలి పేరుకుంటుందట, మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడట, దాన్ని చూసి సుఖంగా ఉన్నాడని మోసపోవద్దట. పక్కింటాయన భార్యకు చెప్తున్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అన్న నిమ్మళంగా పడుకున్నాడని నేను మురిసిపోయింది దాన్ని చూసే.

అన్న విషయంలో ‘ఏమో’ అనుకునే చోటు ఉంది. వదిన విషయంలో అది కూడా లేదు. ఆ నింద కింద ఆమెను నేనే పడేశాను, తెలిసి, పగటిపూట, ఆమె మొహంలోకి చూస్తూ. మరి ఆ ఇల్లు వదిలి పోవచ్చు కదా అంటారు. పోతే ఎందుకు పోయావంటారు. ఉంటే రోజూ ఆ చెంబును చూడాలి. నా భార్యకూ చెప్పలేదు. చెప్పినట్టు ఊహించుకున్న ప్రతిసారీ, మొదటి మాటే దొరికేది కాదు.

మొన్న వదిన బిడ్డ తన చిన్నపిల్లను తీసుకుని అత్తగారింటి నుంచి వచ్చింది. పిల్ల అటుకులు తింటూ నవ్వింది, పొలమారింది. దగ్గు మీద దగ్గు, మొహం ఎర్రబడింది. తల్లి పెరట్లో ఉంది. వదిన నీళ్లకుండ పక్కనే నిలబడి ఉంది.

“ఎవలన్న రాండ్రి, పిల్లకు నీళ్లియ్యుండ్రి” అని పిలుస్తోంది.

నేను ఉరికొచ్చాను. వదిన చేతిలో గ్లాసు ఉంది. గ్లాసులో నీళ్లు కూడా ఉన్నాయి. సగం నేల మీద ఒలికాయి. పిల్ల ఆమెకు ఒక్క అడుగు దూరంలో ఉంది. ఆ అడుగు ఆమె వేయలేకపోయింది. నేను గ్లాసు లాక్కుని పిల్లకు తాగించాను. పిల్లకేం కాలేదు, వెంటనే మళ్లీ అటుకులడిగింది. వదిన గోడకు ఆనుకుని నా వైపు చూసి, మంచిగైంది నువ్వున్నవ్ అంది. నాకు కృతజ్ఞత చెప్పింది.

ఇక నా వల్ల కాలేదు.

మర్నాడు షెడ్డులో సాంచెలన్నీ నడుస్తున్నాయి. వదిన తన మూలన కండెలు చుడుతోంది. పోయి ఆమె ముందు నిలబడ్డాను.  చేతులెత్తాను. మీసం మీద వేలు పెట్టాను. అన్న. అరచేతిని ముక్కూ నోటి మీద దొప్పలా పెట్టుకున్నాను. మాస్కు. తల వెనక పట్టీ చూపించాను. నా గుండె మీద చేయి పెట్టుకున్నాను. నేను. వదులు చేసినట్టు వేళ్లు లాగాను. ఆమె చుట్టడం ఆపింది. తాగే సైగ చేసి, కాదు కాదని చేయి ఊపాను. నీళ్లు కాదు. నువ్వు కాదు. అద్దం, నా కళ్లు, ఆమె చేతిలో గుడ్డ. చూశాను. అంతా చూశాను. మొదటి నుంచీ మళ్లీ చెప్పాను, ఎక్కడా తప్పించుకోకుండా. క్షమించమని అడగాలనుకుని ఆగిపోయాను. షెడ్డు సైగల్లో దానికి సైగ లేదు. ఎవరికీ ఎన్నడూ అవసరం పడలేదు. లేకపోవడమే మంచిదైంది, ఆమెను ఇంకో బరువు మొయ్యమని అడగకుండా ఆగాను.

ఆమె చేతిలోని కండె పక్కన పెట్టింది. తర్వాత మీసం చోట వేలు పెట్టి, అరచేయి ఎత్తి, గుప్పిట మూసి, కిందికి లాగింది. కనుబొమలెత్తి నన్ను చూసింది. బంద్ చెయ్యమని ఆయనే అడిగాడా?

అవునని తలూపాను.

ఇంకేమీ అడగలేదు. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె నా వెనక ఉన్న సాంచె వైపు వేలు చూపించింది. దారం తెగింది. పోయి ముడేశాను. తిరిగి చూసేసరికి ఆమె కండెలు చుడుతోంది. మొహం కనపడకుండా తల వంచుకుని ఉంది.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. నా కంచం కూడా పెట్టింది, కూర కూడా వేసింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఇది రాసే పూటకు కూడా మాట్లాడలేదు. మాట్లాడుతుందో లేదో తెలియదు, అడిగే ధైర్యమూ నాకు లేదు. పిల్ల కారమని ఏడ్చింది. వదిన లేచింది. కుండలో గ్లాసు ముంచింది. అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, పిల్ల గడ్డం పట్టుకుని, గ్లాసు పెదాలకు ఆనించింది. పిల్ల గటగటా తాగింది. వాళ్లమ్మ తినడం ఆపి తల్లినే చూస్తోంది. వదిన తన బిడ్డకూ ఒక గ్లాసు ఇచ్చింది, నా భార్యకూ ఇచ్చింది.

నా గ్లాసు బోర్లించినట్టే ఉంది.  తర్వాత నేనే లేచి, ముంచుకుని తాగాను.